నీ రెండో సినిమా గురించి

నాన్నా,

నీ ఉత్తరమూ స్క్రిప్టూ అందాయి. స్క్రిప్టు రెండుసార్లు చదివాను, ఉత్తరం నాలుగుసార్లు. "వచ్చే నెలలో రాజీనామా ఇచ్చేస్తున్నా పెద్దమ్మా, దాచుకున్నదంతా ఇందులోనే పెడుతున్నా, ఇక వెనక్కి చూసేది లేదు" అని రాశావు చూడు, ప్రతిసారీ అక్కడే ఆగిపోయాను. ఆ సాయంత్రమే మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడికి ఈ పిచ్చి ఎక్కించింది నువ్వే" అని కాసేపు తిట్టి, కాసేపు ఏడ్చింది. ఆ మాటలో కొంత నిజం ఉంది కాబట్టి నేనేమీ మాట్లాడలేదు.

తియ్యొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. కథ బాగుంది. తండ్రీ కూతురూ బస్టాపులో మాటల్లేకుండా కూర్చునే సీను చదివి నాకు అసూయ పుట్టింది. ఆ సీను నువ్వు తీయాల్సిందే. అయితే నీ ధ్యాసంతా మొదటి సినిమా మీదే ఉంది, నాకేమో నీ రెండో సినిమా గురించి బెంగగా ఉంది. సొంతంగా మొదటి సినిమా పూర్తిచేసినవాళ్లు నాకు చాలామందే తెలుసు. రెండోది తీసినవాళ్లు అందులో కొద్దిమందే. మిగతావాళ్లకి ప్రతిభ లేక కాదు. మొదటి సినిమా అయ్యేసరికి చేతిలో డబ్బు లేదు, పక్కన మనుషులు లేరు, ఒంట్లో ఓపిక లేదు. నా సంగతే చూడు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎనిమిదేళ్లు పోయాయి. ఎందుకు పోయాయో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ముందు ఉద్యోగం. రాజీనామా ఇవ్వకు, సెలవు పెట్టు. జీతం లేని సెలవైనా సరే. సత్యజిత్ రే "పథేర్ పాంచాలి" మొదలుపెట్టింది 1952లో, సినిమా వచ్చింది 1955లో. మధ్యలో డబ్బులైపోయి నెలల తరబడి షూటింగ్ ఆగింది. ఇన్సూరెన్స్ పాలసీ తాకట్టు పెట్టారు, భార్య నగలు తాకట్టు పెట్టారు, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిస్తే పూర్తయింది. నగల కథ అందరూ చెబుతారు. ఆ రోజుల్లో ఆయన అడ్వర్టైజింగ్ కంపెనీలో ఉద్యోగం చేస్తూనే ఉన్నారన్న సంగతి మాత్రం చాలామంది చెప్పరు. సినిమా ఆగినా ఇల్లు ఆగలేదు. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా "ఫాలోయింగ్" కూడా అలాంటిదే. 1998లో వచ్చింది, నిడివి 70 నిమిషాలు. పనిచేసినవాళ్లందరికీ వేరే ఉద్యోగాలున్నాయి కాబట్టి శనివారాల్లో మాత్రమే తీస్తూ దాదాపు ఏడాది లాగారు. ఫిల్మ్ ఖరీదు కాబట్టి ప్రతి సీనూ నాటకంలా ముందే రిహార్సల్ చేసుకుని ఒకటి రెండు టేకుల్లో తీసేవాళ్లు.

సెలవు రోజుల్లో తీయడంలో ఒక చిక్కుంది, అదీ విను. రే మొదటిరోజు రెల్లుపూల పొలంలో తీశారు. వారం తర్వాత మిగతాది తీద్దామని వెళితే పూలన్నీ ఆవులు మేసేశాయి. మళ్లీ పూలు పూసేదాకా ఆగాల్సి వచ్చింది. నాకు ఆవుల బాధ లేదు గానీ, మా హీరో మూడో వారానికి గడ్డం తీసేసి వచ్చాడు. చుట్టాలింట్లో పెళ్లట. అందుకని విడివిడి రోజుల్లో తీసేట్టయితే ఒక సీను ఒక రోజులో ముగిసేలా రాసుకో. సీను మధ్యలో ప్యాకప్ చెప్పకు.

ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం నిజంగా భరించలేకపోతే మారు, తప్పులేదు. కానీ సినిమాకి పనికొచ్చే పనిలోకి మారు. నన్నడిగితే ఎడిటింగ్. అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరమని అందరూ చెబుతారు, సెట్టు నడపడం అక్కడ బాగానే వస్తుంది. కాకపోతే రోజుకి పదహారు గంటలు ఇంకొకరి సినిమా మోసి వచ్చాక నీ కథ రాసుకునే ఓపిక ఉండదు. ఎడిటింగ్ గదిలో అయితే ఇంకొకరు చేసిన తప్పులు తీరిగ్గా కూర్చుని చూస్తావు. ఈ డైరెక్టర్‌కి క్లోజప్ ఎందుకు లేదు, ఆ మనిషి గదిలోకి వచ్చే షాటు ఎందుకు తీసుకోలేదు అని తిట్టుకుంటూ నేర్చుకుంటావు. నేను పెళ్లి వీడియోలు, కంపెనీల ప్రచార చిత్రాలు, ఎవరూ చూడని డాక్యుమెంటరీలు కట్ చేశాను. ఆ ఎనిమిదేళ్లలో వృథా కానిది అదొక్కటే.

డబ్బు దగ్గరికొద్దాం. తక్కువ ఖర్చుతో సినిమా తీసినవాళ్ల కథలు నీకు కంఠతా వచ్చు. రాబర్ట్ రోడ్రిగెజ్ 1992లో "ఎల్ మరియాచి"ని ఏడు వేల డాలర్లతో తీశాడు, మందుల పరీక్షలకి తన ఒంటినే ఇచ్చి అందులో కొంత సంపాదించాడు. నిజమే. కానీ ఆ ఏడు వేలు సినిమాని చూపించుకునే స్థితిదాకా తీసుకొచ్చిన ఖర్చు మాత్రమే. ఒక పెద్ద స్టూడియో కొన్నాక సౌండ్ మళ్లీ చేయించడానికి, థియేటర్ ప్రింటు తీయించడానికి అంతకి ఎన్నో రెట్లు పెట్టింది. నిన్ను ఆ స్టూడియో కొనకపోతే ఆ ఖర్చెవరు పెడతారు? నువ్వే.

నీ బడ్జెట్ కాగితం చూశాను. షూటింగ్‌కి తొంభై శాతం, షూటింగ్ తర్వాతి పనులకి "పోస్ట్, ఇతరత్రా" అని పది శాతం. నా మొదటి సినిమా కాగితం కూడా అచ్చం ఇలాగే ఉండేది. షూటింగ్ ఆఖరి రోజు కేకు కోసుకుని ఫొటోలు దిగాం. మర్నాడు చూసుకుంటే బ్యాంకులో ఏమీ లేదు. ఎడిటింగ్ నేనే చేసుకున్నాను సరే, సౌండ్ మిక్సింగ్, కలర్ గ్రేడింగ్, సబ్‌టైటిల్స్, థియేటర్లో వేయడానికి డీసీపీ అనే డిజిటల్ కాపీ, ఫెస్టివల్స్ ఫీజులు, ఇవన్నీ గాలిలోంచి రావు కదా. హార్డ్ డిస్కులు పద్నాలుగు నెలలు బీరువాలో పడున్నాయి. బీరువా తెరిచినప్పుడల్లా అటు చూడకుండా చీరలు తీసుకునేదాన్ని.

కాబట్టి మొత్తం డబ్బులో సగానికి మించి షూటింగ్‌కి పెట్టకు. పదో వంతు ఏ పేరూ రాయకుండా పక్కన పెట్టు. వాన పడుతుంది, ఎవరికో జ్వరం వస్తుంది, జనరేటర్ మొరాయిస్తుంది, ఆ డబ్బు దేనికి పోతుందో అదే చెబుతుంది. పోస్ట్ ప్రొడక్షన్ డబ్బు వేరే ఖాతాలో వేసి, ఆ ఖాతా మీ అమ్మ పేరు మీద పెట్టు. నవ్వకు. షూటింగ్ తొమ్మిదో రోజు రాత్రి "ఇంకొక్క రోజు క్రేన్ దొరికితే" అనిపిస్తుంది. అప్పుడు మీ అమ్మని అడిగే ధైర్యం నీకు ఉండకూడదు.

అప్పు చేసి తీయకు. ఇంతకన్నా దాని గురించి చెప్పేదేం లేదు.

మనుషుల డబ్బు గురించి మాత్రం చెప్పాలి. "ఇప్పుడు ఫ్రీగా చేయండి, సినిమా అమ్ముడుపోయాక ఇస్తాను" అని పదిమందికి మాటిచ్చావని రాశావు. నేనూ ఇచ్చాను. సినిమా అమ్ముడుపోలేదు. మా సౌండ్ రికార్డిస్టు నాకంటే రెండేళ్లు చిన్నవాడు, నాతో చదువుకున్నవాడు. ఒక్కసారి కూడా డబ్బు అడగలేదు. ఫోన్ చేయడం మానేశాడు, అంతే. సినిమా బాగాలేదని రాసిన సమీక్షలు నాకిప్పుడు గుర్తు కూడా లేవు, ఆ ఫోన్ రాకపోవడం మాత్రం గుర్తుంది. అందుకే ఇవ్వగలిగింది ఇప్పుడే ఇవ్వు. తక్కువైనా సరే, అందరికీ ఒకే లెక్కన ఇవ్వు. కెమెరామన్‌కి ఇచ్చి మేకప్ అమ్మాయికి ఇవ్వకపోతే మూడోరోజుకి సెట్టంతా తెలిసిపోతుంది. నిజంగా ఇవ్వలేనివాళ్లకి లాభంలో వాటా అని చెప్పేట్టయితే కాగితం మీద రాసివ్వు. ఆ కాగితంలో "డబ్బు రాకపోవచ్చు" అన్న ముక్క కూడా ఉండాలి. ఇద్దరూ సంతకం పెట్టండి. స్నేహితుల మధ్య కాగితాలేంటి అంటావు. స్నేహితులు కాబట్టే.

ఇక స్క్రిప్టు. పేజీ నంబర్లు వేయలేదు కాబట్టి నేనే లెక్కపెట్టాను. 132 పేజీలు, 31 లొకేషన్లు, పద్నాలుగు రోజుల షూటింగ్. పేజీకి నిమిషం అన్న పాత లెక్క ప్రకారం రెండు గంటల పైమాట. రోజుకి తొమ్మిదిన్నర పేజీలు తీయాలి. నీ టీముతో, నీ దగ్గరున్న లైట్లతో రోజుకి నాలుగైదు పేజీలు తీస్తే గొప్ప. తొమ్మిదిన్నర తీశావంటే, అవి తీసినట్టు కాదు, మాటలు వరుసగా రికార్డ్ చేసినట్టు.

బ్రేక్‌డౌన్ చేశావా? చేయలేదనుకుంటాను. ప్రతి పేజీనీ ఎనిమిది భాగాలుగా గీసి ఏ సీను ఎన్ని ఎనిమిదో వంతులో లెక్క రాయి. దాని పక్కన ఆ సీన్లో ఎవరున్నారు, ఏ వస్తువులు కావాలి, పగలా రాత్రా, లోపలా బయటా అన్నీ రాయి. అప్పుడు నీకే కనబడుతుంది. ఏడో సీన్లో ఒక్క డైలాగు కోసం ఆసుపత్రి కావాలి. ఆ డైలాగు ఇంట్లో ఫోన్లో చెప్పించొచ్చు. 31 లొకేషన్లు ఆరుకి తగ్గుతాయి. సామాను ఎత్తి వ్యాన్లోకి వేసి, ఇంకో చోట దించి, మళ్లీ లైటింగ్ పెట్టుకునేసరికి మూడు గంటలు గాల్లో కలిసిపోతాయి. ఒక లొకేషన్ తగ్గిస్తే నటులకి మూడు గంటలు ఇచ్చినట్టు. వానలో గుంపు పరిగెత్తే సీను ఉంది చూడు, అది తీసెయ్. బాగుంది, ఒప్పుకుంటాను. రెండో సినిమాకి దాచుకో.

85 పేజీలకి తగ్గించు. బస్టాపు సీను ముట్టుకోకు.

"మూడో షార్ట్ ఫిలిం తీయడం ఎందుకు, రెండు తీశాను కదా, ఇక పెద్దదే" అన్నావు. నేను వాదించను గానీ ఒక్కటి ఆలోచించు. "మొదటి సినిమా" అన్న మాటకి బయట ఒక విలువుంది. కాన్ ఫెస్టివల్లో 1978 నుంచీ మొదటి సినిమాలకని ప్రత్యేకంగా "కెమెరా దోర్" అనే బహుమతి ఇస్తున్నారు. కొత్త దర్శకుల కోసమే విభాగాలు నడిపే ఫెస్టివల్స్ చాలా ఉన్నాయి. నిన్నెవరూ ఎరగకపోయినా ఆ తలుపు తెరుచుకుని ఉంటుంది. కానీ ఆ టికెట్టు ఒక్కసారే చెల్లుతుంది. సరిగ్గా తయారవకుండా తీసి, అది కూడా పూర్తిచేయలేక యూట్యూబ్‌లో పడేస్తే, రెండోసారి నువ్వు కొత్తవాడివి కావు, పేరున్నవాడివీ కావు. ఈ కథలోంచే పది పన్నెండు నిమిషాల ముక్క ఒకటి ముందు తీసి చూడు. కాన్ షార్ట్ ఫిలిం పోటీకి పదిహేను నిమిషాలు దాటకూడదు. వేరేచోట్ల నిడివి ఎక్కువున్నా తీసుకుంటారు గానీ, ఒక షోలో ఎనిమిది సినిమాలు సర్దేవాళ్లకి ముప్పై నిమిషాల సినిమా అంటే తలనొప్పే. అదే నటులతో, అదే కెమెరామన్‌తో తీశావంటే పెద్ద సినిమాకి అది రిహార్సల్ అవుతుంది. డబ్బు పెట్టేవాళ్లకి చూపించడానికీ ఏదో ఒకటి ఉంటుంది.

కెమెరా గురించి నువ్వు మూడు పేజీలు రాశావు. నేను మూడు వాక్యాలు రాస్తాను. నీ కెమెరామన్ దగ్గర ఏది ఉంటే, అతనికి ఏది బాగా అలవాటైతే అదే వాడు. షాన్ బేకర్ 2015లో వచ్చిన "టాంజరిన్"ని ఐఫోన్ మీద తీశాడు, సండాన్స్ ఫెస్టివల్లో వేశాడు. అది చూసి ఫోన్ పట్టుకుని బయల్దేరినవాళ్లకి తెలియనిదేంటంటే, అది అతని ఐదో సినిమా.

అదే సినిమాకి సౌండ్ మాత్రం ఫోన్‌తో కానివ్వలేదు, విడిగా రికార్డ్ చేయించారు. ఇక్కడ నేను కాస్త విసిగిస్తాను, భరించు. బొమ్మ మసగ్గా ఉంటే ప్రేక్షకుడు అదొక స్టైల్ అనుకుంటాడు. మాట వినబడకపోతే లేచిపోతాడు. నీ బడ్జెట్లో లెన్సులకి రాసిన అద్దెలో సగం తీసి సౌండ్ రికార్డిస్టుకి ఇవ్వు. లొకేషన్ చూడ్డానికి వెళ్లేటప్పుడు అతన్ని వెంట తీసుకెళ్లు. నువ్వు గోడ రంగూ కిటికీలోంచి వచ్చే వెలుగూ చూస్తుంటావు, అతను ఫ్రిజ్ మోత, పక్క బిల్డింగ్‌లో డ్రిల్లింగ్, బడి విడిచే టైము చూస్తాడు. ఫ్రిజ్ ఆపేటప్పుడు నీ బండి తాళంచెవులు అందులో పెట్టు, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా ఇంటికి పోలేవు. ఇది నాకొక ముసలి రికార్డిస్టు చెప్పాడు, ఇన్నేళ్లలో నాకు దొరికిన గొప్ప సలహాల్లో ఇదొకటి. ప్రతి లొకేషన్లో వెళ్లిపోయేముందు అందరినీ నిలబెట్టి, ఎవరూ కదలకుండా ముప్పై సెకన్లు ఖాళీ గది శబ్దం రికార్డ్ చేయించు. దాన్ని రూమ్ టోన్ అంటారని నీకు తెలుసు. తెలిసినవాళ్లే ఆ ముప్పై సెకన్లు ఆగలేరు, అందరికీ ఇంటికెళ్లాలని ఉంటుంది. ఎడిటింగ్‌లో రెండు మాటల మధ్య ఖాళీ నింపాల్సి వచ్చినప్పుడు అది లేకపోతే ఆ చోట చెవిలో గొయ్యి పడ్డట్టుంటుంది. ఒక డైలాగు మీద విమానం వెళ్లిందనుకో, కెమెరా లేకుండా అక్కడికక్కడే నటుల చేత ఆ మాట మళ్లీ చెప్పించి రికార్డ్ చేసుకో. ఆర్నెల్ల తర్వాత స్టూడియోలో చెప్పించినా ఆ ఊపిరి రాదు. ఖర్చు సరేసరి.

కెమెరా మెమరీ కార్డులు మూడు చోట్ల కాపీ చేయించు. రెండు వేర్వేరు డిస్కుల మీద, మూడోది ఇంకో ఇంట్లో. మూడూ సరిచూసేదాకా కార్డు చెరపొద్దు. ఈ పనికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి నువ్వు కాకూడదు.

నటుల విషయంలో నువ్వు నాకన్నా నయం, నీ రెండో షార్ట్ ఫిలింలో ఆ ముసలాయన చేత చేయించింది చూశాను. అయినా ఒక మాట. నువ్వు డైలాగు చెప్పి చూపిస్తున్నావు. అలా చేస్తే వాళ్లు నీ గొంతు పలుకుతారు. ఆ పాత్రకి ఎదుటిమనిషి నుంచి ఏం కావాలో చెప్పు, చాలు. "బాధగా చెప్పు" అనకు. "ఆమెని వెళ్లకుండా ఆపు" అను. టేక్ బాగాలేదనుకో, అందరి ముందూ పెద్దగా అరిచి చెప్పకు. దగ్గరికెళ్లి చెవిలో చెప్పు. బాగుంటే మాత్రం అందరికీ వినబడేలా చెప్పు.

సెట్టు మీద నీకు తెలియని విషయం ఎవరైనా అడుగుతారు. మొదటిరోజు పొద్దున్నే అడుగుతారు. తెలియకపోతే తెలియదని చెప్పు, పది నిమిషాలు కావాలని అడుగు. నేను తెలిసినట్టు నటించేదాన్ని. కెమెరామన్‌కి మొదటి గంటలోనే అర్థమైపోయింది, పాపం మంచివాడు, పన్నెండు రోజులు బయటపడలేదు. పన్నెండు గంటలు దాటితే షూటింగ్ ఆపెయ్. తిండి వేళకి పెట్టు. రాత్రి షూటింగ్ చేసినవాళ్లని నిద్రమత్తులో బండి నడుపుకుంటూ ఇంటికి పోనివ్వకు. ఏ షాటూ అంత విలువైంది కాదు.

కాగితాల గురించి రాస్తుంటే నీకు ఆవలింతలు వస్తాయని తెలుసు. అందుకే రెండు కథలు చెబుతాను. చార్లెస్ బర్నెట్ అని అమెరికాలో ఒక దర్శకుడు, సినిమా చదువుకుంటూ శని, ఆదివారాల్లో "కిల్లర్ ఆఫ్ షీప్" తీశాడు. పదివేల డాలర్లు కూడా కాలేదు. 1977లో పూర్తయింది. అందులో వాడిన పాటలకి హక్కులు తీసుకోలేదు. థియేటర్లలో విడుదలైంది ఎప్పుడో తెలుసా? 2007లో. హక్కులు కొనడానికి లక్షా యాభై వేల డాలర్లు అయ్యాయి. ముప్పై ఏళ్లు, నాన్నా. రెండోది జార్జ్ రొమెరో మొదటి సినిమా, 1968లో వచ్చిన "నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్". విడుదలకి ముందు సినిమా పేరు మార్చారు. కొత్త టైటిల్ కార్డు వేసినవాళ్లు పాత కార్డు మీదున్న కాపీరైట్ ప్రకటన మళ్లీ వేయడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టంలో ఆ ప్రకటన లేకపోతే హక్కు లేనట్టే. ఆ సినిమాని ఎవరు పడితే వాళ్లు వేసుకున్నారు, అమ్ముకున్నారు. ప్రపంచమంతా చూసిన సినిమా, తీసినవాళ్లకి రావాల్సింది రాలేదు.

నీ స్క్రిప్టులో టీ బంకు రేడియోలో పాత పాట వస్తుందని రాశావు. ఆ పాట తీసెయ్, లేదా కొత్తది చేయించుకో. పాటకి రెండు హక్కులుంటాయి, రాసి బాణీ కట్టినవాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్‌ది ఇంకొకటి. రెండూ కావాలి. కథ నీ స్నేహితుడితో కలిసి రాశావు కదా, షూటింగ్‌కి ముందే హక్కులు ఎవరివో రాసుకోండి. ప్రతి నటుడి దగ్గరా, ప్రతి ఇంటి యజమాని దగ్గరా, సంగీతం చేసిన అబ్బాయి దగ్గరా సంతకాలు తీసుకుని ఒకే ఫైల్లో పెట్టు. కొనేవాళ్లు సినిమా చూసి మెచ్చుకున్నాక మొదట అడిగేది ఆ ఫైలే. నాదగ్గర రెండు సంతకాలు తక్కువయ్యాయి. ఒకాయన పెద్ద మనసుతో వెంటనే పెట్టాడు, ఇంకొకాయన పెట్టడానికి ఏడాదిన్నర తీసుకున్నాడు. ఈలోపు కొంటానన్నవాళ్లు మనసు మార్చుకున్నారు.

ఎడిటింగ్ అయ్యాక మొదటి కట్ చూసి ఏడుస్తావు. అందరూ ఏడుస్తారు. రెండు వారాలు దాన్ని ముట్టుకోకు. తర్వాత నిన్నెరగనివాళ్లని ఏడెనిమిది మందిని పిలిచి చూపించు. నువ్వు వెనక కూర్చుని తెర వైపు కాకుండా వాళ్ల వీపుల వైపు చూడు. ఎక్కడ సర్దుకుని కూర్చున్నారో, ఎక్కడ ఫోన్ వెలిగిందో టైము రాసుకో. "నచ్చిందా" అని అడగకు, మొహమాటానికి నచ్చిందనే చెబుతారు. "కథ నాకు చెప్పండి" అని అడుగు. వాళ్లు చెప్పే కథలో ఏ పాత్ర పేరు రాలేదో, ఏ సంఘటన తారుమారైందో, అక్కడ నీకు పనుంది. వాళ్లిచ్చే మందులు మాత్రం వాడకు. నొప్పెక్కడో చెప్పడం వరకే వాళ్ల పని.

ఫెస్టివల్స్‌కి తొందరపడి సగం అయిన సినిమా పంపకు. ఏ తేదీకి పంపాలో చూసుకుని దానికి తగ్గట్టు ఎడిటింగ్ హడావుడిగా ముగించావంటే, ఒకసారి కాదన్న సినిమాని చాలాచోట్ల మళ్లీ చూడరు. సండాన్స్ జనవరిలో, బెర్లిన్ ఫిబ్రవరిలో, కాన్ మేలో, లొకార్నో ఆగస్టులో జరుగుతాయి. ఒకటి తప్పితే ఇంకొకటి ఉంటుంది. పెద్దవాటిలో చాలావరకు సినిమా మొదటిసారి తమ దగ్గరే వేయాలంటాయి. అందుకని ఎవరో అడిగారని చిన్నచోట ముందే వేసేయకు, ఆన్‌లైన్లో అసలే పెట్టకు. అలాగని ఐదు పెద్ద పేర్లే రాసుకుని కూర్చోకు. నీ సినిమాలాంటివి పోయినేడాది ఎక్కడ వేశారో వెతికి, ఆ పేర్లు రాసుకో. దరఖాస్తు ఫీజు మొదటి గడువులో తక్కువ, ఆఖరి గడువులో ఎక్కువ. సెట్టు మీద ఒక్కరోజైనా మంచి స్టిల్ ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకో. ఫెస్టివల్ వాళ్లు అడిగినప్పుడు సినిమాలోంచి కోసిన మసక ఫ్రేములు పంపడం నాకు తప్పలేదు. సబ్‌టైటిల్స్ నువ్వే కూర్చుని అక్షరం అక్షరం చూడు. మాటలు ఒక ట్రాకు, సంగీతమూ మిగతా శబ్దాలూ వేరే ట్రాకు విడిగా చేయించి పెట్టుకో, రేపు ఎవరైనా డబ్బింగ్‌కి అడిగితే మళ్లీ మిక్సింగ్ చేయించక్కర్లేదు.

చాలామంది కాదంటారు. నాకు వచ్చిన మొదటి నలభై జవాబుల్లో రెండే అవునన్నాయి. ఆ రెండింటిలో ఒక చోట హాల్లో పదకొండు మంది ఉన్నారు. ఆ పదకొండు మందిలో ఒకావిడే నా రెండో సినిమాకి డబ్బు పెట్టింది, అదీ ఆరేళ్ల తర్వాత. సినిమా అయిపోయాక బయట నిలబడి ఆవిడతో అరగంట మాట్లాడాను కాబట్టి. ఆ రాత్రి విసుగొచ్చి ముందే హోటల్‌కి వెళ్లిపోదామనుకున్నాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "ఇప్పుడేం రాస్తున్నారు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఏదో అల్లి చెప్పాను. మొదటి సినిమా ఎడిటింగ్ జరుగుతున్నప్పుడే రెండోదానికి పది పేజీలు రాసుకుని ఉంటే ఆ ఆరేళ్లు రెండయ్యేవేమో. నీ సినిమా హాల్లోకి వెళ్లేలోపు నీ సంచిలో ఇంకో కథ ఉండాలి.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు మాత్రం రాజీనామా కాగితం డెస్కు సొరుగులోనే ఉంచు. 85 పేజీల స్క్రిప్టు, బ్రేక్‌డౌన్, కొత్త బడ్జెట్ ఈ మూడూ పట్టుకుని వచ్చే నెల రెండో ఆదివారం ఇంటికి రా. నా పాత సౌండ్ రికార్డిస్టుని కూడా పిలుస్తున్నాను. అవును, అతన్నే. పందొమ్మిదేళ్ల తర్వాత పోయిన సంవత్సరం బాకీ తీర్చాను. తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చాను. కోపం పూర్తిగా పోలేదు, కానీ వస్తానన్నాడు. నీ లొకేషన్ల జాబితా అతనికి చూపించు, ఏమన్నా ఎదురు చెప్పకు.

ఈసారి పేజీ నంబర్లు వెయ్యి.

ఆశీస్సులతో
పెద్దమ్మ